డాబా మీద నుంచి ఎం33: ఎర్ర మేఘాలు లెక్కపెట్టే పని

2025 అక్టోబర్ 12

దసరా అయిపోయింది, ఇంద్రకీలాద్రి మీద లైట్లు మామూలు స్థాయికి వచ్చాయి, వానలు కూడా కాస్త తెరిపిచ్చాయి, ఇక నాకు సాకులేం మిగల్లేదు. ఈ సీజన్‌కి ఒక్కటే పని పెట్టుకున్నాను. సత్యనారాయణపురంలో మా డాబా మీద నుంచి ఎం33 గెలాక్సీని హెచ్ ఆల్ఫా ఫిల్టర్‌తో (వేడి హైడ్రోజన్ వదిలే ఎర్ర రంగుని తప్ప మిగతావి ఆపేది) తీసి, అందులో వెలుగుతున్న హైడ్రోజన్ మేఘాలు ఎన్ని దొరుకుతాయో లెక్కపెట్టాలి. గోడకి తగిలించుకునే ఫొటో కాదు, లెక్క కావాలి. మంచి ఫొటోలు బోలెడున్నాయి, అవి తీసినవాళ్లు చాలామంది కార్లేసుకుని చీకటి ఊళ్లకి వెళ్తారు, నాకు కారు లేదు, బెజవాడ నడిబొడ్డున ఉండి కూడా ఏం పట్టుకోవచ్చో చూద్దామని పంతం ఉంది, అంతే.

ఎం33 ఎందుకంటే, 27 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నా మనవైపు బాగానే తిరిగి ఉన్న సర్పిల గెలాక్సీ అది. ఆండ్రోమెడా ఇంకాస్త దగ్గరే, పెద్దది కూడా, కానీ బాగా పక్కకి వాలి ఉండటంతో దాని చేతులన్నీ ఒకదాని మీద ఒకటి పడి కలగాపులగంగా కనిపిస్తాయి, లెక్కకి పనికిరాదు. రెండో కారణం మన ఊరి అక్షాంశం. విజయవాడ 16.5 డిగ్రీల దగ్గర ఉంది, ఎం33 ఆకాశంలో 30.7 డిగ్రీల ఉత్తరాన ఉంది, అంటే అది నడినెత్తికి 14 డిగ్రీల దూరంలో నుంచి వెళ్తుంది. ఊరి వెలుతురంతా అంచుల్లో పేరుకుంటుంది కాబట్టి నెత్తిమీదున్నదే మనకి దిక్కు.

సామాను పెద్దగా లేదు. 480 మిల్లీమీటర్ల ఫోకల్ లెంగ్త్ ఉన్న 80 మిల్లీమీటర్ల రిఫ్రాక్టర్, అంటే కటకాల టెలిస్కోపు (సెకండ్ హ్యాండ్), చల్లబరిచే మోనో (నలుపు తెలుపు) కెమెరా, 7 నానోమీటర్ల వెడల్పున్న హెచ్ ఆల్ఫా ఫిల్టర్, మామూలు ఎరుపు, నీలం ఫిల్టర్లు. మౌంట్ (ఆకాశం తిరిగే వేగంతో టెలిస్కోపుని తిప్పే స్టాండు) మాత్రం గుంటూరు బావది. "అమ్ముకోకురా" అని చెప్పి మరీ ఇచ్చాడు.

మొదటి దెబ్బ ఈ రాత్రే తగిలింది. మౌంట్‌ని ధ్రువనక్షత్రం వైపు సరిచేయాలి కదా, మనకి ధ్రువనక్షత్రం ఉండేది 16.5 డిగ్రీల ఎత్తులో, మా ఉత్తరం వైపు సరిగ్గా అంత ఎత్తుకే అయిదంతస్తుల అపార్ట్‌మెంటు ఉంది. వాటర్ ట్యాంకు వెనకాల ఎక్కడో ఉంది ధ్రువుడు. యూరప్ వాళ్లు రాసిన గైడ్లన్నీ "ధ్రువనక్షత్రాన్ని గురిచూడండి" అనే మొదలవుతాయి, వాళ్లకేం, 50 డిగ్రీల ఎత్తులో ఉంటుంది.

అక్టోబర్ 17

డ్రిఫ్ట్ పద్ధతిలో సరిచేశాను. ధ్రువనక్షత్రం కనపడక్కర్లేదు, దక్షిణంవైపు నడిమధ్యలో ఉన్న ఒక నక్షత్రాన్ని పట్టుకుని అది పైకి జారుతోందా కిందికి జారుతోందా చూసుకుంటూ మౌంట్‌ని అటూ ఇటూ కొంచెం కొంచెం తిప్పడమే, ఆ తర్వాత తూర్పున ఇంకో నక్షత్రంతో అదే పని. గంటన్నర పట్టింది. ట్రైపాడ్ కాళ్లు ఉన్నచోట డాబా మీద పెయింటుతో మూడు గుర్తులు పెట్టుకున్నాను, నాన్న చూసి "ముగ్గేశావా?" అన్నారు.

అసలు గొడవ లైటుతో. పక్క డాబా మీద ట్యాంకు దగ్గర ఒక ఎల్‌ఈడీ ఫ్లడ్ లైటు రాత్రంతా వెలుగుతుంది, సరిగ్గా టెలిస్కోపు మూతి మీద పడుతుంది. వెళ్లి అడిగాను.

"పిన్నిగారూ, రాత్రి పదింటి తర్వాత ఆ లైటు కాస్త ఆపుతారా, ఒక నెల రోజులు?"

"దొంగలొస్తే నీ టెలిస్కోపు చూసి చెబుతుందా అబ్బాయ్?"

నిజమే మరి. ఆవిణ్ణి డాబా మీదకి పిలిచి శనిగ్రహం చూపించాను, అది పనిచేస్తుందనుకున్నా. కానీ ఈ ఏడాది శని ఉంగరాలు మనకి అంచు తిప్పి ఉన్నాయి, పళ్లెం కనపడదు, బంతికి అడ్డంగా సన్నటి గీత కనిపిస్తుంది, అంతే. "ఉంగరం ఏదయ్యా, పుల్ల గుచ్చినట్టుంది" అన్నారు. ఎందుకలా ఉందో చెప్పాను, ఓపిగ్గా విన్నారు, చివరికి లైటు ఆపడానికి కాదు గానీ దాని మూతి గోడవైపు తిప్పడానికి ఒప్పుకున్నారు. నాకంతే చాలు.

అక్టోబర్ 21

దీపావళి మర్నాడు. పొగ. కెమెరా పెట్టె కూడా తీయలేదు.

అక్టోబర్ 29

మొంథా తుఫాను. నిన్నటి నుంచి గాలి, వాన, మధ్యమధ్య కరెంటు లేదు. సామాను కింద గదిలో బీరువా మీద పెట్టాను. కిందటేడాది సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు అక్కడున్న ఒక ఫ్రెండు ల్యాప్‌టాపు, లెన్సులు అన్నీ మంచం మీద పెట్టి, మంచం వరకూ నీళ్లు రావులే అనుకుని పోగొట్టుకున్నాడు. మా వీధి పల్లం కాదు, అయినా బీరువా మీదే.

ఖాళీ దొరికింది కాబట్టి నేను అసలు దేన్ని వెతుకుతున్నానో ఇక్కడే రాసేస్తాను, తర్వాత తీరిక ఉండదు.

గెలాక్సీ చేతుల్లో చల్లటి వాయువు కుప్పపడినచోట నక్షత్రాలు గుంపుగా పుడతాయి. ఆ గుంపులో ఎక్కువభాగం సూర్యుడిలాంటివి, ఇంకా చిన్నవి. కొన్ని మాత్రం భారీగా పుడతాయి, ఇంగ్లిష్ అక్షరం O పేరుతో ఓ తరగతి అంటారు, పైపొర వేడి 30,000 డిగ్రీలు దాటుతుంది (సూర్యుడిది 5,800 చుట్టూ). అంత వేడి నక్షత్రం నుంచి అతినీలలోహిత కాంతి కుండపోతగా వస్తుంది. 91.2 నానోమీటర్ల కంటే పొట్టి తరంగమైతే హైడ్రోజన్ పరమాణువులో ఎలక్ట్రాన్‌ని ఊడబెరికేస్తుంది. ఊడిన ఎలక్ట్రాన్ మళ్లీ ఎక్కడో ఒక ప్రోటాన్‌కి దొరుకుతుంది, దొరికాక మెట్లు దిగినట్టు కిందికి దిగుతుంది, మూడో మెట్టు నుంచి రెండో మెట్టుకి దిగినప్పుడల్లా 656.28 నానోమీటర్ల దగ్గర ఒక ఎర్రటి కాంతికణం వదులుతుంది. అదే హెచ్ ఆల్ఫా. నా ఫిల్టర్ ఆ రంగు చుట్టూ 7 నానోమీటర్లు తప్ప మిగతాదంతా ఆపేస్తుంది, ఊరి ఎల్‌ఈడీ వెలుతురు అన్ని రంగుల్లో పరుచుకుని ఉంటుంది కాబట్టి అందులో నలభయ్యోవంతు దాకానే లోపలికి వస్తుంది. బెజవాడ నుంచి ఈ పని కుదరడానికి మూలం ఇదే.

ఇలా వెలిగే మేఘం ఎంత దూరం వ్యాపిస్తుందో 1939లో స్ట్రోమ్‌గ్రెన్ అనే ఖగోళ శాస్త్రవేత్త లెక్కగట్టాడు. నక్షత్రం సెకనుకి ఎన్ని ఎలక్ట్రాన్లని ఊడగొడుతుందో, అన్నే తిరిగి అతుక్కుంటూ ఉండేంత వరకు మేఘం వెలుగుతుంది, ఆ హద్దు దాటితే చీకటి. అంటే మేఘం నుంచి వచ్చే ఎరుపుని కొలిస్తే లోపల ఎన్ని భారీ నక్షత్రాలున్నాయో అంచనా వేయొచ్చు, వాటిని విడివిడిగా చూడకపోయినా. పొయ్యి చూడకుండా ఆవిరిని బట్టి మంట ఎంతుందో చెప్పడం లాంటిది.

నన్ను ఈ పనిలోకి దింపిన సంగతి ఇంకోటుంది. ఈ భారీ నక్షత్రాలు 30 నుంచి 50 లక్షల ఏళ్లకే అయిపోతాయి. సూర్యుడు మన గెలాక్సీ చుట్టూ ఒక్క చుట్టు తిరగడానికే 20 కోట్ల ఏళ్ల పైమాట. అంటే ఓ తరగతి నక్షత్రానికి పుట్టినచోటు నుంచి కదిలేంత ఆయుష్షే లేదు, పురిట్లోనే పోతుంది. అందుకే ఎర్ర మేఘాలు సరిగ్గా చేతుల మీదే ఉంటాయి, చిన్న నక్షత్రాలు మాత్రం కాలక్రమంలో ఊరంతా చెదిరిపోతాయి. మామూలు ఎరుపు ఫిల్టర్‌లో గెలాక్సీ ఒకలా, హెచ్ ఆల్ఫాలో ఇంకోలా కనిపించాలి. పుస్తకంలో చదివినది నా డాబా మీద చూడాలి, అదీ సంగతి.

నవంబర్ 5

కార్తీక పౌర్ణమి. చంద్రుడు ఎం33కి మరీ దూరంగా కూడా లేడు. అమ్మ, పిన్నిగారు తెల్లారగట్లే కృష్ణకి వెళ్లొచ్చారు. నేను ఫిల్టర్ లెక్క చేసుకుంటూ కూర్చున్నాను.

ఎం33 మనవైపుకి సెకనుకి సుమారు 180 కిలోమీటర్ల వేగంతో వస్తోంది. మనవైపు వచ్చేదాని కాంతి నీలంవైపు జరుగుతుంది, అంటే దాని హెచ్ ఆల్ఫా 656.28 దగ్గర ఉండదు, 0.39 నానోమీటర్లు నీలంవైపు జరిగి 655.89 దగ్గర ఉంటుంది. 7 నానోమీటర్ల ఫిల్టర్‌కి ఇది లెక్కలోకి రాదు. మూడు నానోమీటర్ల ఫిల్టర్ కొనాలని చూసేవాళ్లకి చెబుతున్నా, ఎం33కి అది కూడా ఫర్వాలేదు, కానీ ఎం51 లాంటి గెలాక్సీ సెకనుకి 460 కిలోమీటర్లతో దూరం జరుగుతోంది, అక్కడ హెచ్ ఆల్ఫా గీత, అంటే ఆ ఒక్క రంగు కాంతి, ఒక నానోమీటర్ ఎర్రవైపు జరుగుతుంది, మూడు నానోమీటర్ల ఫిల్టర్ అంచు దగ్గరకి వెళ్లిపోతుంది, డబ్బులు పోసి సన్న ఫిల్టర్ కొని కాంతి పోగొట్టుకుంటారు. నా వెడల్పు ఫిల్టర్‌కి ఇంకో లోపం ఉంది. హైడ్రోజన్ గీతకి రెండువైపులా 654.8, 658.4 దగ్గర నైట్రోజన్ గీతలుంటాయి, అవి కూడా లోపలికి వచ్చేస్తాయి. కాబట్టి నేను కొలిచేది ఒట్టి హైడ్రోజన్ కాదు, కాస్త నైట్రోజన్ కలిసిన హైడ్రోజన్. పాలల్లో నీళ్లున్నాయని తెలిసే కొంటున్నాం.

నవంబర్ 15

ఆకాశం కడిగినట్టుంది. రాత్రి 10 దాటాక ఎం33 సరిగ్గా నడిమధ్యకి వచ్చింది. ఏడు నుంచి ఒంటిగంట దాకా అయిదేసి నిమిషాల ఫ్రేములు, మధ్యలో మౌంట్ ఒకసారి అటువైపు తిప్పుకోవాల్సి వచ్చింది, ఆ పది నిమిషాలు మాత్రం టెన్షన్, కేబుళ్లు ఎక్కడ తగులుకుంటాయోనని.

ఒక్క ఫ్రేమ్ తెరిచి చూస్తే గెలాక్సీ లేదు. నిజంగా లేదు, బూడిద రంగు తెర మీద నక్షత్రాలు, అంతే. స్క్రీన్ మీద వెలుగు తేడాలని సాగదీసి చూస్తే మధ్యలో కొంచెం మజ్జిగ మరకలాంటిది. కానీ దానికి ఈశాన్యం వైపు, కేంద్రం నుంచి 12 ఆర్క్ నిమిషాల (ఒక డిగ్రీలో అరవయ్యోవంతు ఒక ఆర్క్ నిమిషం) దూరంలో, ఒక మచ్చ ఉంది. నక్షత్రం కాదు, అంచులు పలచగా, ఒకవైపు కొక్కెంలా వంగి. ఎన్‌జీసీ 604, ఎం33లోని హైడ్రోజన్ మేఘం. ఒకే ఒక్క అయిదు నిమిషాల ఫ్రేమ్‌లో, బెజవాడ నడిబొడ్డు నుంచి. 1784 సెప్టెంబర్ 11న విలియం హెర్షెల్ టెలిస్కోపులో కంటితో చూసి రాసుకున్న మచ్చ ఇది. గెలాక్సీ కనపడకుండా గెలాక్సీలోని మేఘం కనపడటం వింతగా ఉంది.

నవంబర్ 16 నుంచి 22

అయిదు రాత్రులు పనిచేసింది, ఒకరోజు మబ్బు, ఒకరోజు నాకు ఆఫీసులో నైట్ షిఫ్ట్. ఇరవయ్యో తారీఖు అమావాస్య కాబట్టి ఎరుపు ఫిల్టర్ ఫ్రేములు ఆ రాత్రికి దాచుకున్నాను, ఒక్కోటి నిమిషం, మొత్తం 90. హెచ్ ఆల్ఫా మొత్తం 11 గంటలు పోగైంది, అందులో మంచు పట్టిన రెండు గంటలు పారేశాను. కృష్ణ పక్కన ఊరు కాబట్టి నవంబర్‌లో రాత్రి పన్నెండు దాటితే లెన్సు మీద తడి చేరుతుంది. హీటర్ పట్టీ ఉంది, ప్లగ్గు పెట్టడం మర్చిపోయాను, దానికి ఎవర్నీ అనలేను.

దోమల గురించి విడిగా రాయను.

నవంబర్ 25

ఫ్లాట్ ఫ్రేములు తెల్లారగట్ల తీశాను. లెన్సులో మూలలు కాస్త చీకటిగా పడతాయి, సెన్సర్ మీద దుమ్ము నీడలుంటాయి, వాటిని సరిచేయడానికి సమానంగా వెలుగుతున్న ఏదో ఒక తెల్లటిదాన్ని ఫొటో తీయాలి. అందరూ తెల్ల టీషర్టు అంటారు, నేను నాన్న పంచె రెండు మడతలేసి టెలిస్కోపు మూతికి రబ్బరుబ్యాండు బిగించాను. ఫ్రేములన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి కలిపి (స్టాక్ చేసి) చూస్తే బొమ్మలో కింద ఎడమవైపు ఒక అడ్డపట్టీలా వెలుగు. గెలాక్సీ చెయ్యి అనుకుని పది నిమిషాలు సంబరపడ్డాను కూడా, నిజం చెబుతున్నా. చివరికి పంచె తీసి చూస్తే అంచు. మడతలో జరీ అంచు మూతికి ఒకవైపుగా అడ్డం వచ్చింది, అక్కడ కాంతి తగ్గింది, ఫ్లాట్‌తో భాగించగానే బొమ్మలో అదే చోట వెలుగై కూర్చుంది. ఫోకస్‌లో లేదు కాబట్టి అంచులా కనపడదు, మేఘంలా కనపడుతుంది.

కెమెరా తిప్పకుండా అలాగే ఉంచడం మంచిదైంది. మర్నాడు అంచులేని లుంగీతో మళ్లీ తీశాను.

నవంబర్ 30

ఈ రోజు తీసివేత. మొత్తం ప్రాజెక్టులో ఇదే అసలు ఘట్టం కాబట్టి వివరంగా రాస్తాను.

హెచ్ ఆల్ఫా ఫిల్టర్‌లో మేఘాలే కాదు, నక్షత్రాలూ పడతాయి, ఎందుకంటే నక్షత్రం అన్ని రంగుల్లోనూ వెలుగుతుంది, ఆ 7 నానోమీటర్లలోనూ వెలుగుతుంది. ఎరుపు ఫిల్టర్‌లో నక్షత్రాలు ప్రధానం, మేఘం నామమాత్రం. కాబట్టి ఎరుపు బొమ్మని ఒక సంఖ్యతో గుణించి హెచ్ ఆల్ఫా బొమ్మలోంచి తీసేస్తే నక్షత్రాలు మాయమై మేఘాలు మిగలాలి. ఆ సంఖ్య ఎంతో ఎలా తెలుస్తుంది? మన గెలాక్సీలోవే, ఫ్రేములో అడ్డం వచ్చిన 40 మామూలు నక్షత్రాలు తీసుకుని రెండు బొమ్మల్లోనూ వాటి వెలుగు కొలిచి నిష్పత్తి చూశాను, 0.33 వచ్చింది. ఎరుపు ఫిల్టర్ వెడల్పు దాదాపు 100 నానోమీటర్లు, హెచ్ ఆల్ఫా 7, సమయం ఒకటికి అయిదు రెట్లు, గుణిస్తే 0.35 రావాలి, కాబట్టి 0.33 అంటే దారిలోనే ఉన్నాం. ఎరుపు ఫిల్టర్‌లో కూడా హెచ్ ఆల్ఫా కొంత ఉంటుంది కాబట్టి ఈ తీసివేతలో మేఘం వెలుగు కూడా నూటికి ఏడు పాళ్ల దాకా పోతుంది. సరే, పోనీ.

మొదటిసారి తీసేస్తే నక్షత్రాలున్నచోటల్లా ఇడ్లీ రేకు గుంటల్లా నల్లటి గుండ్రాలు, వాటి మధ్యలో తెల్ల చుక్క. ఎందుకంటే రెండు బొమ్మల్లో ఫోకస్ ఒకేలా లేదు, ఎరుపు కాస్త లావుగా ఉంది. హెచ్ ఆల్ఫాని కూడా ఆ లావుకి సరిపడా కొంచెం మసక చేసి మళ్లీ తీసేశాను. కష్టపడి తెచ్చుకున్న పదునుని మన చేత్తో మనమే చెరుపుకోవడం బాధగానే ఉంటుంది.

అప్పుడు వచ్చింది. కేంద్రం దగ్గర పసుపుముద్దలా ఉన్న పాత నక్షత్రాల గుంపు మొత్తం పోయింది. మజ్జిగ మరక పోయింది. నల్లటి తెర మీద రెండు చేతుల వెంట చుక్కలు, అక్కడక్కడా రెండు మూడు కలిసిన ముద్దలు, కొన్ని వలయాలు, దక్షిణం చేతిలో వరసగా అయిదారు. రెండు బొమ్మల్నీ మార్చిమార్చి చూస్తే ఒకే గెలాక్సీ అని నమ్మబుద్ధి కాదు. ఒకటి మొత్తం జనాభా, రెండోది గత యాభై లక్షల ఏళ్ల పురుళ్లు.

బావకి వాట్సాప్‌లో పంపాను, ఎర్ర రంగు వేసి. వెంటనే ఫోన్ చేశాడు. "ఏంట్రా, యార్డులో టిక్కీ చిరిగి మిర్చి ఒలికినట్టుంది?" గుంటూరువాడికి ఇంకేం కనిపిస్తుంది లెండి. కానీ పోలిక బానే ఉంది, బస్తా మోసుకుపోయిన దారి వెంటే ఒలికినట్టు.

డిసెంబర్ 7

లెక్కపెట్టడం. మొదటి విడతలో 83 వచ్చాయి. పేరున్నవన్నీ ఉన్నాయి: ఎన్‌జీసీ 604, 595, 592, 588, ఐసీ 131, 132, 133.

ఇందులో ఒకటి నన్ను మూడు రోజులు నిద్రపోనివ్వలేదు. పడమటి చేతి అంచున చిన్నగా, గట్టిగా వెలుగుతున్న చుక్క, నా దగ్గరున్న పట్టికలో అక్కడ మేఘమేదీ లేదు. కొత్తగా వెలిగిందేమో, నోవా (ఉన్నట్టుండి భగ్గుమనే నక్షత్రం) ఏమో, అని ఏవేవో ఆలోచనలు. ఆఫీసులో కూడా అదే ధ్యాస. చివరికి ఎరుపు ఫ్రేముల్లో అదే చోట చూస్తే అక్కడా ఉంది, నీటుగా నక్షత్రంలా, కాకపోతే నీలం ఫిల్టర్‌లో నాలుగు ఫ్రేములు తీసి చూస్తే దాదాపు లేదు. బాగా ఎర్రటి నక్షత్రం, మన గెలాక్సీలోదే, దారికి అడ్డంగా నిలబడింది. నేను 0.33 అనే సంఖ్యని మామూలు రంగు నక్షత్రాలతో కట్టాను కదా, మరీ ఎర్రటివాటికి ఆ సంఖ్య చాలదు, తీసేశాక కొంచెం మిగులుతుంది, ఆ మిగిలిందే మేఘంలా నటిస్తుంది. ఎక్కడో చదివి కూడా మర్చిపోయిన విషయం ఇది.

ఆ లెక్కన మళ్లీ మొదటి నుంచి వడకట్టాను. చుక్కలా గట్టిగా ఉండి నీలంలో కనపడనివి తీసేశాను, ఒక కాంతివంతమైన నక్షత్రం చుట్టూ ఫిల్టర్ ప్రతిబింబం వల్ల ఏర్పడిన గుండ్రాలు మూడు తీసేశాను, హద్దు దగ్గర అవునో కాదో తెలియనివి కూడా తీసేశాను. 58 మిగిలాయి. పెద్ద టెలిస్కోపులతో చేసిన పట్టికల్లో ఎం33కి వెయ్యికి పైగా ఉన్నాయి, కాబట్టి ఇది గొప్ప చెప్పుకునే సంఖ్యేం కాదు. కానీ ఈ 58 నావి.

డిసెంబర్ 10

58 మేఘాల వెలుగూ కొలిచి పెద్ద నుంచి చిన్న వరకు పేర్చాను. ఒక్కసారిగా పడిపోతుంది. రెండో స్థానంలో ఉన్న ఎన్‌జీసీ 595 వెలుగు 604లో సగం కూడా రాలేదు. మొదటి అయిదూ కలిస్తే మిగతా యాభై మూడింటికీ సమానంగా ఉన్నాయి. ఒక పెళ్లి భోజనంలో సగం వంటకాలు ఒక్క బంతికే వడ్డించినట్టు. చిన్న మేఘాన్ని ఒకటో రెండో ఓ తరగతి నక్షత్రాలు వెలిగిస్తే సరిపోతుంది, 604 లోపల మాత్రం రెండు వందలకి పైగా భారీ నక్షత్రాలున్నాయి.

అయితే ఒక జాగ్రత్త. ఈ వరస నక్షత్రాల సంఖ్యకి కాదు, భారీ నక్షత్రాల సంఖ్యకి మాత్రమే. అదే మేఘాల్లో పుట్టిన సూర్యుడిలాంటి చిన్నవాటికి హైడ్రోజన్‌ని వెలిగించే శక్తి లేదు, నా బొమ్మలో వాటి ఉనికే లేదు. పెద్దవి ఇన్నుంటే చిన్నవి ఇన్నుంటాయని 1955లో సాల్‌పీటర్ అనే శాస్త్రవేత్త ఒక నిష్పత్తి ఇచ్చాడు, గెలాక్సీలో ఏడాదికి ఎంత నక్షత్ర పదార్థం పుడుతోందో చెప్పేవాళ్లు ఆ రకం నిష్పత్తి మీదే ఆధారపడతారు. హెచ్ ఆల్ఫా చూసేది కొండకొమ్ములే, కింద కొండ ఎంతుందో ఊహించుకోవాలి.

ఇంకొకటి ధూళి. మేఘాల మధ్య ధూళి ఎర్రకాంతిని కూడా కొంత మింగేస్తుంది, ఒక్కోచోట ఒక్కోలా. దానికి హెచ్ బీటా (హైడ్రోజన్‌దే ఇంకో గీత) కూడా తీసి పోల్చాలి, 486 నానోమీటర్ల దగ్గర. ఆ ఫిల్టర్ లేదు. ఈ ఏడాదికి లేదు.

డిసెంబర్ 12

ఒక లెక్క చేసి చాలాసేపు అలా కూర్చుండిపోయాను. నా టెలిస్కోపుకి, నా కెమెరాకి ఒక్క పిక్సెల్ అంటే ఆకాశంలో 1.6 ఆర్క్ సెకన్లు (ఆర్క్ నిమిషంలో అరవయ్యోవంతు ఒక ఆర్క్ సెకను). 27 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో అది ఎంత వెడల్పు? సుమారు 21 కాంతి సంవత్సరాలు.

మనందరికీ తెలిసిన ఓరియన్ నెబ్యులా, చలికాలం రాత్రి కంటికి కూడా మసగ్గా కనపడేది, ఆ మొత్తం మేఘం వెడల్పు 24 కాంతి సంవత్సరాలు. అంటే దాన్ని తీసుకెళ్లి ఎం33లో పెడితే నా కెమెరాలో దాదాపు ఒక్క పిక్సెల్. ఒక గడి, దాదాపు అందులోనే అయిపోతుంది. ఎన్‌జీసీ 604 సుమారు 1,500 కాంతి సంవత్సరాలు, నా ఫ్రేమ్‌లో అడ్డంగా 70 పిక్సెళ్లు. తిరగేసి చూస్తే, 604ని ఓరియన్ ఉన్న దూరంలో, అంటే 1,350 కాంతి సంవత్సరాల దగ్గర పెడితే మన ఆకాశంలో దాదాపు 60 డిగ్రీలు ఆక్రమిస్తుంది, శుక్రుడి కంటే ఎక్కువ వెలుగుతుంది. మా డాబా మీద పడుకుని చూస్తే ఆ అపార్ట్‌మెంటు ట్యాంకు మీద నుంచి దాదాపు నడినెత్తి దాకా.

అంత లోపలికి వెళ్లి చూశాను, నాలుగొందల శాతం పెద్దది చేసి. పిక్సెళ్లు గడులుగడులుగా కనిపిస్తాయి. కొక్కెం ఆకారం పడమటివైపు వంపు తిరిగి ఉంది, మధ్యలో రెండు చోట్ల వెలుగు కాస్త తగ్గి గుంటల్లా ఉన్నాయి. భారీ నక్షత్రాల గాలులు వాయువుని నెట్టేసి చేసిన ఖాళీలే అయ్యుండాలి, పెద్ద టెలిస్కోపుల బొమ్మల్లో అక్కడ బుడగలే ఉన్నాయి, నా దగ్గర మూడు నాలుగు పిక్సెళ్ల తేడా. అందులో ఉన్న నక్షత్రాల గుంపు వయసు 35 లక్షల ఏళ్లు అంటారు. ఆ వెలుగు బయల్దేరి 27 లక్షల ఏళ్లు. అంటే ఈ రాత్రికి అక్కడ పెద్దపెద్దవాటిలో చాలావరకు పేలిపోయి ఉంటాయి, నేను కూర్చుని లెక్క కడుతున్నాను.

అమ్మ కాఫీ పట్టుకుని వచ్చి స్క్రీన్ చూసింది. ఓరియన్ గడి చూపించాను, పక్కన 604 చూపించాను.

"ఈ చిన్న గడి మనకి దగ్గరున్నదా?"

"అవునమ్మా, అదే దూరంలో పెడితే ఇంతే."

"మరి ఈ పెద్దదానికి పేరెందుకు పెట్టలేదు, నంబరేసి ఊరుకున్నారు?"

దానికి నా దగ్గర సమాధానం లేదు.

డిసెంబర్ 17

ఇప్పుడు ఎం33 రాత్రి ఎనిమిదింటికే నడిమధ్యకి వచ్చేస్తోంది, జనవరి చివరికి చీకటి పడేసరికే పడమటికి దిగిపోయి ఊరి వెలుతుర్లో పడుతుంది. కాబట్టి ఇంకో నెల ఉంది చేతిలో. బావ స్నేహితుడొకరి దగ్గర ఆక్సిజన్ ఫిల్టర్ దొరికింది, 500.7 నానోమీటర్లది. రెండు ఎలక్ట్రాన్లు ఊడిన ఆక్సిజన్ ఇచ్చే ఆకుపచ్చ గీత అది, ఒకప్పుడు అదేదో భూమ్మీద లేని మూలకమని నెబ్యులియం అని పేరు కూడా పెట్టేశారు, 1920ల చివర్లో బోవెన్ అనే శాస్త్రవేత్త వచ్చి ఆక్సిజనే అని తేల్చేదాకా.

చూడాలనుకున్నది ఒక్కటే. గెలాక్సీ కేంద్రం నుంచి బయటికి వెళ్లేకొద్దీ ఆక్సిజన్ తగ్గుతుంది, అయినా అక్కడి మేఘాల్లో ఈ ఆకుపచ్చ గీత హైడ్రోజన్‌తో పోలిస్తే బలపడుతుంది. తిరకాసుగా ఉంటుంది వినడానికి. మేఘాన్ని చల్లబరిచేది ఈ ఆక్సిజన్ లాంటివే, అవి తక్కువైతే మేఘం వేడిగానే ఉండిపోతుంది, వేడిగా ఉంటే ఉన్న కొద్ది ఆక్సిజనే గట్టిగా వెలుగుతుంది. ఎం33లో పడమటి శివార్లలో ఉన్న ఎన్‌జీసీ 588ని, లోపలివాటిని పక్కపక్కన పెట్టి చూడాలి.

నిన్న మొదటి గంట తీశాను. ఆకుపచ్చలో ఊరి వెలుతురు ఎరుపు కంటే ఘోరంగా ఉంది, బ్యాక్‌గ్రౌండ్ రెట్టింపు. 604 కనిపిస్తోంది. 588 ఉందా లేదా అంటే ఉన్నట్టే ఉంది, ఇంకో ఎనిమిది గంటలు పోగైతే గానీ చెప్పలేను. పిన్నిగారి లైటు మళ్లీ ఇటువైపు తిరిగింది, ట్యాంకు శుభ్రం చేయడానికి వచ్చిన కుర్రాడు తిప్పాడట. పొద్దున్నే వెళ్లి అడగాలి.